మోకాలికి మూడు వేళ్ళ కింద

పొద్దున్న తొమ్మిదింటికి మట్టక్క బెంచీ ముందుకొచ్చి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, పాదాలు రెండూ గచ్చులో తన చోట మోపేది. గచ్చు ఆమెను ఎరిగినదే కాబట్టి మెల్లిగా దారి ఇచ్చేది. పాదాలు, మడమలు, పిక్కలు అలా చల్లగా లోపలికి దిగి, నిన్నటి మట్టానికి వెంట్రుకవాసి కిందకి చేరి ఆగేవి. అప్పుడు ఆమె స్పిరిటు దీపం వెలిగించి, చేతులు తుడుచుకుని, ఆ రోజు మట్టి పొట్లం విప్పేది.

హాజరు పట్టీలో ఆమెకో పేరు ఉండే ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా మట్టితోనే పని కాబట్టి అందరికీ మట్టక్కే. భూమికి దిగువన, కిటికీ లేని గది. బయట ఎండో వానో ఆమెకు మట్టి పొట్లాలను బట్టే తెలిసేది. పొట్లం తడిగా వస్తే ఓహో, ఎక్కడో వాన పడిందన్నమాట అనుకునేది.

పని వినడానికి చిన్నదే. అడవుల నుంచీ, గుహల నుంచీ, పాత పశువుల పాకల నుంచీ జీపు జట్టు వాళ్ళు మట్టి తెస్తారు. అందులో కంటికి కనిపించని క్రిములు కోట్లకు కోట్లు. వాటిలో కొన్ని, పక్క క్రిముల్ని చంపే మందు తామే తయారుచేసుకుంటాయి. అదే మనకు యాంటీబయాటిక్. ఉన్న మందులకు రోగాలు లొంగడం మానేశాయి కనుక కొత్త మందు కావాలి, కొత్త మందు కావాలంటే కొత్త క్రిమి దొరకాలి. మట్టక్క గ్రాము మట్టి తూచి, నీళ్ళలో కలిపి, పదింతలూ నూరింతలూ పలచన చేసి, జెల్లీ పోసిన గాజు ప్లేట్ల మీద పరిచేది. నాలుగు రోజులకు చుక్కలు మొలిచేవి. వాటి మీద చీము పుట్టించే క్రిమిని కలిపిన గోరువెచ్చని జెల్లీ పోసేది. మర్నాటికి ప్లేటంతా మబ్బుపట్టినట్టు తెల్లబడేది. ఏ చుక్క చుట్టూ అయినా మబ్బు విడిపోయి గుండ్రంగా తేటపడితే అక్కడ మందున్నట్టు. దాన్ని వాళ్ళు జోను అంటారు.

జోన్లు రాకపోలేదు. వేలల్లో వచ్చాయి. వచ్చిన ప్రతిదాన్నీ మూడో అంతస్తులో కెమిస్టు అమ్మాయి పరీక్షించి ఫోన్ చేసేది.

"పాతదే అక్కా."

అంతే. ఎప్పుడో కనిపెట్టేసిన మందే, ఇంకో అడవి నుంచి మళ్ళీ వచ్చిందన్నమాట. ఫోను మోగే తీరును బట్టే మట్టక్కకి తెలిసిపోయేది.

నిలబడి పనిచేసేవాళ్ళు కుంగడం ఆ ఊళ్ళో వింతేం కాదు. సెలూన్ అతను చీలమండల దాకా కుంగి, కుర్చీలు పొట్టివి చేయించుకున్నాడు. ట్రాఫిక్ పోలీసులను మూణ్ణెల్లకోసారి కూడలి మారుస్తారు. కూర్చుని పనిచేసేవాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళకి నడుములు పోతాయి, అది వేరే సంగతి. తిరిగేవాళ్ళకయితే అసలేమీ కాదు. ఆ ల్యాబు డైరెక్టరు మేడం బూట్లు తళతళలాడుతుంటాయంటే ఆవిడ ఏ గదిలోనూ అయిదు నిమిషాలు నిలవకపోవడం వల్లే!

సాయంత్రం కాళ్ళు లాక్కుని ఇంటికి పోవచ్చు. ఒక్కటే షరతు, మోకాలు పైన ఉండాలి. మోకాలు మడత పడితేనే కదా కాలు పైకొచ్చేది. మోకాలు గచ్చులోకి పోయిందా, ఇక అంతే సంగతులు.

అలా పోయినవాడు స్టోరు బాబాయి. మట్టక్క గది ముందు వరండాకి ఆ చివర ఇరవై ఆరేళ్ళుగా కౌంటరు వెనక నిలబడ్డాడు. మోకాళ్ళు పోయి తొమ్మిదేళ్ళయింది, ఇప్పుడు నడుం దాకా ఉన్నాడు. ఆయన కుంగినప్పుడల్లా కౌంటరు కాళ్ళు రెండంగుళాలు కోయిస్తారు. ఒకసారి గునపాలతో తవ్వించారు కూడా. తెల్లారేసరికి గచ్చు మళ్ళీ కూడుకుపోయింది, పైగా ఆయన ఇంకో జానెడు దిగాడు. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మధ్యాహ్నం పిన్ని, అంటే ఆయన భార్య, క్యారేజీ తెస్తుంది. మిగతా ఏర్పాట్లు కూడా ఆవిడే చూసుకుంటుంది, అవి మనకెందుకు.

బాబాయికీ మట్టక్కకీ మధ్య నలభై అడుగుల దూరం. పగలంతా ఇద్దరికీ కదలడం కుదరదు కాబట్టి ఇంటర్‌కమ్‌లోనే మాటలు.

"ఏమ్మాయ్, నీళ్ళు తాగావా?"

"తాగితే వెళ్ళాలి బాబాయ్. వెళ్ళాలంటే కాళ్ళు లాగాలి. లాగడానికే అరగంట."

"అలా ఎండబెట్టుకుంటే కిడ్నీలు పోతాయి. నా మాట విని ఓ గుక్కెడు తాగు."

"మీరు వినుంటే నేనూ వినేదాన్ని."

ఆయన పకపకా నవ్వేవాడు. నవ్వితే కౌంటరు మీద గాజు సామాను గలగలలాడేది.

మట్టక్క భర్త దర్జీ. ఆదివారం ఆదివారం ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, పిక్కల మీద గచ్చు గీసిన గీతకు టేపు పెట్టి కొలిచేవాడు. ఊరందరి కొలతలూ పుస్తకంలో రాసుకునే మనిషి, ఈ ఒక్క కొలతా రాయడు, పైకి కూడా చెప్పడు. ఆ ఆదివారం మాత్రం టేపు మడిచి మెళ్ళో వేసుకుని, "మోకాలికి ఇంక మూడు వేళ్ళు," అన్నాడు.

"తెలుసండీ."

"మానెయ్. నా మిషనొక్కటీ చాలదా మనకి?"

"అది కాదండీ. జీపు జట్టులోకి పంపిస్తామన్నారుగా."

అన్నారు, నిజమే. ఎన్నోసార్లు అడగ్గా అడగ్గా, నాలుగేళ్ళ కిందట మేడం ఆమె చేతులు రెండూ పట్టుకుని చెప్పింది. "నీలాంటి చెయ్యి నాకు మళ్ళీ దొరకదమ్మా. ఒక్క కొత్తది పట్టివ్వు. ఒక్కటంటే ఒక్కటి. ఆ వారమే జీపెక్కిస్తా." మట్టి తెచ్చేవాళ్ళు నడుస్తూనే ఉంటారు, వాళ్ళ కాళ్ళకేం కాదు. పనిలో ఆరితేరడం కూడా ఒక్కోసారి మెడకు చుట్టుకుంటుంది చూడండి. చేతకానివాళ్ళయితే ఎప్పుడో బయటపడేవాళ్ళు.

ఇంతకీ ఆ కొత్తది ఎలా దొరికిందో చెప్పాలి.

ప్రతి విడత ప్లేట్లతోనూ ఒక బ్లాంకు ప్లేటు పెడతారు. దాని మీద మట్టి వెయ్యరు, జెల్లీ మాత్రమే. అది శుభ్రంగా ఉంటే పని శుభ్రంగా జరిగినట్టు. దాని మీద ఏదైనా మొలిచిందా, గాలిలోంచో చేతిలోంచో మలినం పడ్డట్టు, విడతంతా ఆవిరిలో ఉడకేసి పారెయ్యాల్సిందే. మట్టక్క బ్లాంకుల మీద రెండు మూడు నెలలకోసారి గుండుసూది తలంత గోధుమరంగు చుక్క ఒకటి కనిపించేది. ఆమె పళ్ళు నూరుకుని, విడతంతా ఉడకేసి, మళ్ళీ మొదలుపెట్టేది. పద్నాలుగేళ్ళుగా అలాగే చేసింది. అలాగే చెయ్యమని నలుగురికి నేర్పింది కూడా.

ఆ సోమవారం చుక్క కనిపించింది. పారెయ్యాలంటే ఆవిరి యంత్రం దాకా పదడుగులు. కాళ్ళు సలుపుతున్నాయి, సాయంత్రం చూద్దాంలే అని ప్లేటును బెంచీ చివరికి తోసింది. సాయంత్రమూ ఓపిక లేకపోయింది. అలా తొమ్మిది రోజులు. పదో రోజు చీము క్రిమి కలిపిన జెల్లీ అరగొట్టం మిగిలింది. దాన్ని దాచడానికి లేదు, గడ్డకడుతుంది. పారబోద్దామంటే సింకు నాలుగడుగులు. ఛీ వెధవ బతుకు అనుకుని, చేతికందిన ఆ బ్లాంకు మీదే గుమ్మరించి మూత పెట్టింది. కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఆ పని చేస్తే నాలుగు చీవాట్లు పెట్టి ఉండేది.

మర్నాడు ప్లేటు చూసి నోరెళ్ళబెట్టింది. మబ్బంతా అంచులకు పోయింది. నడిమధ్య గుండుసూది తలంత చుక్క, దాని చుట్టూ అరచేతిలో సగం మేర అద్దంలాంటి తేట.

మూడు రోజులకు ఫోను మోగింది. మట్టక్క అలవాటుగా, "పాతదేగా," అంది.

"కాదక్కా. మూడుసార్లు చూశాను. ఇలాంటిది ఎక్కడా లేదు."

మట్టక్కకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ తాను వెతికినదాన్ని తానే ఉడకేసి పారబోసింది! నవ్వాలో ఏడవాలో తెలియక బెంచీ పట్టుకుని కాసేపు రెండూ చేసింది.

మేడం దిగొచ్చింది. కౌగిలించుకుంది. ఆ రోజు ఆవిడ ఆ గదిలో ఇరవై నిమిషాలు నిలబడిందంటే చూసుకోండి. "మాటంటే మాటే. జీపు సోమవారం. ఇంతకీ ఇది ఎక్కడి మట్టమ్మా?"

అదీ చిక్కు. బ్లాంకుకు మట్టేమిటి? కెమిస్టు అమ్మాయి గది మూలమూలలా దూది పుల్లలతో గీకింది. ఫ్యానూ, దీపమూ, మట్టక్క గోళ్ళూ, జుట్టూ. దేంట్లోనూ లేదు. చివరికి కాలు పైకి లాగినప్పుడు పిక్కలకు అంటుకొచ్చే మట్టిలో దొరికింది. గది ఇంకో మూల గచ్చు పెళ్ళగించి చూస్తే లేదు. ఆమె కాళ్ళ చుట్టూ ఉన్నచోటే ఉంది. పైగా ప్లేట్ల మీద రెండు తరాలు బతికి మూడో తరానికి చచ్చిపోతోంది. ఆమె కాళ్ళు పైకి తీస్తే గచ్చు మూసుకుని, మర్నాటికి ఆ మట్టిలోనూ సగం పోతోంది.

"పది రోజులమ్మా," అంది మేడం. గొంతులో ఎంత ప్రేమో! "పెద్ద ట్యాంకుకి సరిపడా విత్తనం పోగయ్యేదాకా. పది రోజులు కాళ్ళు తియ్యకుండా నిలబడు. ఆ తర్వాత జీపు నీదే."

"మేడం, మూడు వేళ్ళే ఉంది."

"మంచి కుర్చీ వేయిస్తా. దిండు పెట్టిస్తా. మీ ఆయనకి పాసు రాయిస్తా. ఆసుపత్రుల్లో ఎంతమంది దీని కోసం చూస్తున్నారో తెలుసా నీకు?"

మట్టక్కకి తెలుసు. తెలుసు కాబట్టే మళ్ళీ గచ్చులో కాళ్ళు మోపింది. అందరూ చప్పట్లు కొట్టారు. గుమ్మానికి ఎర్ర తాడు కట్టి, 'కదిలించరాదు' అని బోర్డు పెట్టారు. ఆ బోర్డు ఏ వస్తువు గురించో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

రోజూ పైకి తీసే కాలు వెంట్రుకవాసి దిగుతుంది. తియ్యని కాలు మూడు రోజులకో వేలు దిగుతుంది. మోకాలు మింగాక మాత్రం గచ్చుకి ఇంత తొందర ఉండదు. మూడో రోజు దర్జీ లోపలికొచ్చి టేపు పెట్టి చూశాడు. తర్వాత టేపు అవతల పారేసి, ఆమె చంకల కింద చేతులు వేసి పట్టి లాగాడు. చెమటలు కక్కాడు. కాలు కదల్లేదు. ఈ లోతుకి నలుగురు కావాలి. ఆ నలుగురూ ఉన్నారు గానీ అంతా మేడం మనుషులే. ఆమె ఆయన తల నిమిరి, "పోయి కుట్టుకోండి, బట్టలు ఇవ్వాలిగా ఊళ్ళో వాళ్ళకి," అంది. ఆయన వెళ్ళాక గచ్చు వైపు చూసి, ముసలితనం దాకా ఈ నాలుగు గోడలేనా నాకు అని బావురుమంది.

ఆరో రోజు ఇంటర్‌కమ్ మోగింది.

"ఎంత మిగిలిందమ్మాయ్?"

"ఒక వేలు. మంచి వేలు కూడా కాదు, చిటికెన వేలు."

"మోకాలు పోయిన రోజు నాకు గుర్తుంది," అన్నాడు బాబాయి. "నొప్పేం ఉండదు. అదే అసలు గొడవ. నొప్పి ఉంటే కేకేసి ఉండేవాణ్ణి. అవునూ, నీ పద్నాలుగేళ్ళ మట్టిలోనే అంతుంటే, నా ఇరవై ఆరేళ్ళ మట్టిలో ఎంతుండాలి?"

"ఎవరూ చూడలేదు బాబాయ్."

"నేను పైకి తీస్తేగా వాళ్ళకి అంటుకొచ్చేది. ఉండు."

ఆ పూటంతా స్టోరు కౌంటరు మీదకు ఏమీ రాలేదు. చేతి తొడుగులు అడిగితే స్టాకు లేదన్నాడు. స్పిరిటు లేదన్నాడు, దూది లేదన్నాడు. వెనక అలమారాలు నిండి పొర్లుతున్నాయి. ఇండెంటు చీటీ మీద సంతకం ఉందిగా బాబాయ్ అంటే, సంతకం ఉంది, సరుకు లేదు, మేడంని రమ్మనండి అన్నాడు. రెండు గంటల్లో నాలుగు అంతస్తుల్లోనూ పని ఆగిపోయింది. మేడం రుసరుసలాడుతూ దిగింది.

"ఏమిటీ మొండితనం?"

"నా మట్టి ఓసారి చూడండి మేడం. ఇందులో ఉంటే ఆ పిల్లను వదిలెయ్యండి. నేనెటూ కదిలేవాణ్ణి కాదు. పది రోజులు కాకపోతే పదేళ్ళు తోడుకోండి."

కెమిస్టు అమ్మాయి చెంచాతో ఆయన నడుం వెంబడి గీకింది. గీకుతుంటే చర్మం చెక్కుకుపోయి రక్తం చిమ్మింది. ఆయన పళ్ళు బిగించి కౌంటరు పట్టుకున్నాడు. ఆ మట్టిని తిన్నగా చీము క్రిమి ప్లేటు మీదే వేస్తే, మర్నాటి పొద్దుటికి ప్లేటు మొత్తం తేటగా ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్కటే జోను.

మేడానికి ఇంకేం కావాలి. ఎర్ర తాడు ఇటు విప్పి అటు కట్టారు. నలుగురు మనుషులు వచ్చి మట్టక్కను పట్టి లాగారు. చిటికెన వేలి మందం కూడా సరిగా లేదు అప్పటికి. ఒక కాలు వచ్చింది. రెండోది రాలేదు. దర్జీ కూడా ఓ చెయ్యేస్తే అదీ వచ్చింది. ఆమె వరండాలో నిలబడి, పడిపోతూ, లేస్తూ, గోడ పట్టుకుని, తిన్నగా స్టోరుకే నడిచింది. వారం రోజుల్లో అదే మొదటి నడక.

బాబాయి నడుం చుట్టూ గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీద రక్తపు మరకలు.

"రేపు మళ్ళీ గీకుతారట," అన్నాడాయన, ఏదో వాన పడుతుందట అన్నట్టు. "నువ్వు సోమవారం జీపెక్కుతున్నావటగా. కిటికీ పక్కన కూర్చో."

మట్టక్క వంగి, ఊడిన గుడ్డ కొస బిగించి కట్టింది. తన జాగాలో ఆయన్ని పెట్టి తాను పోవడమేమిటి? మాన్పించగలదా అంటే మాన్పించలేదు. కనీసం ఆ చెంచా అయినా ఆపగలదేమో. ఆ పూటంతా ఆలోచించి మేడం దగ్గరికెళ్ళింది.

"మేడం, అది మన ప్లేట్ల మీద బతకనంటోంది. మన ఇంటికి రానన్నదాన్ని ఎన్నిసార్లు ఈడ్చుకొస్తాం? దానింటికే మనం భోజనం పట్టుకెళ్దాం. ఆయన చుట్టూ పోషక ద్రావణం పోస్తాను. అక్కడే పెరుగుతుంది. పైకి ఊరిన నీళ్ళు తోడుకుందాం. గీకక్కర్లేదు."

మేడం ఫోను చూసుకుంటూ, "సోమవారం లోపు చెయ్యి," అంది.

శుక్రవారం పొద్దున్న మొదలుపెట్టింది. గంటకోసారి సన్న గొట్టంతో ఆయన నడుం చుట్టూ గోరువెచ్చని ద్రావణం చుక్కలు చుక్కలుగా పోసి, పైన శుభ్రమైన గుడ్డ కప్పేది. ఒకచోట నిలబడకుండా ఆయన చుట్టూ తిరుగుతూ పోసింది. శనివారానికి మట్టి మీద గోధుమరంగు పొర పట్టింది. సాయంత్రానికి సీసాడు నీళ్ళు ఊరాయి. కెమిస్టు అమ్మాయి ఆ సీసాను పసిబిడ్డలా ఎత్తుకుని మెట్లెక్కింది. ట్యాంకులో పోశారు, విత్తనం దండిగా ఉంది కాబట్టి బతికింది. మేడం అందరికీ మిఠాయిలు పంచి, ఆ తాడునీ బోర్డునీ కూడా తీయించేసింది. ఆదివారం పని ఆపెయ్యొచ్చు. మట్టక్క ఆపలేదు. సీసాలో మిగిలిన ద్రావణం ఎందుకు పారబొయ్యాలని ఆయనకే పోసింది.

"అమ్మాయ్," అన్నాడు బాబాయి ఉన్నట్టుండి. "నడుం కింద గాలి తగులుతోందేం?"

ఆమె గుడ్డ తీసి చూసింది. ఆయనకీ గచ్చుకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ. గుండ్రంగా, ప్లేటు మీద వచ్చినట్టే, చుట్టూతా జోను. సాయంత్రానికి మూడు వేళ్ళు పట్టింది. గునపాలతో తవ్విన గచ్చు కూడుకుపోయింది, ఇది కూడుకోలేదు. ఆ చుక్క ఉన్నచోట దాని పక్కకి ఏదీ రాదు, గచ్చయినా సరే.

బాబాయి రెండు చేతులా కౌంటరు పట్టుకున్నాడు. "ఆపెయ్యమ్మా. నాకు భయంగా ఉంది. తొమ్మిదేళ్ళు. బయటికొచ్చి ఏం చెయ్యను? కాళ్ళున్నాయో లేవో కూడా తెలీదు."

"ఆపమంటే ఆపేస్తాను బాబాయ్. మీ ఇష్టం."

ఆయన కౌంటరు వైపు చూశాడు, అలమారాల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"సరే, పొయ్యి," అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం పైన జీపు హారను కొడుతోంది. కింద నలుగురు బాబాయి చంకల కింద చేతులు వేసి ఒక్క పట్టు పట్టారు. ఈసారి నలుగురూ అక్కర్లేకపోయింది. బావిలోంచి చేద వచ్చినట్టు తేలిగ్గా వచ్చాడు. కౌంటరు మీద కూర్చోబెట్టారు. కాళ్ళున్నాయి. సన్నగా, ముల్లంగి దుంపల్లా తెల్లగా ఉన్నాయి. ఆయన బొటనవేలు కదిపి చూసుకున్నాడు, కదిలింది. మళ్ళీ కదిపాడు.

అప్పుడే పిన్ని క్యారేజీతో మెట్లు దిగింది. కౌంటరు మీద కూర్చున్న మనిషిని చూసి ఆగింది. కెవ్వుమనలేదు, పరిగెత్తుకు రాలేదు. క్యారేజీ కింద పెట్టి, దగ్గరకొచ్చి, కొంగుతో ఆయన పాదాలకున్న మట్టి తుడిచింది. మడమలు, వేళ్ళ సందులు, అన్నీ తుడిచింది.

"ఇంటికి రావాలంటే చెప్పులు కావాలిగా," అంది. "తెస్తాను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మీ సైజెంత?"

"నాకేం తెలుసు? ఎప్పుడూ నువ్వేగా తెచ్చేదానివి."

"నేను మర్చిపోయానండీ," అంది పిన్ని, అంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది. తొమ్మిదేళ్ళుగా రోజూ వచ్చి వెళ్ళే మనిషి, ఆవిడ కళ్ళ నీళ్ళు ఆ స్టోరులో ఎవరూ చూసి ఎరగరు.

పిన్ని ముక్కు తుడుచుకుని, వంగి, ఆయన పాదం కింద తన చెయ్యి చాపి ఆనించి, బొటనవేలు చేరిన చోట రెండో చేతి వేలితో గుర్తు పెట్టుకుంది. ఆ చేతిని మడవకుండా, ఎక్కడ కొలత చెదిరిపోతుందోనని రెండో చేత్తో పట్టుకుని మెట్లెక్కింది.

పైన ఎండ బాగా ఉంది. జీపు జట్టు వాళ్ళు అప్పటికే విసుక్కుంటున్నారు, అడవి చేరేసరికి పొద్దుపోతుందట. మట్టక్క పిన్నిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తానూ ఎక్కి, ముందు చెప్పుల కొట్టుకి పోనిమ్మని డ్రైవరుకి చెప్పింది.